పైస్లీ, బేస్‌మెంట్, పద్నాలుగు

ఆ చీటీ పొడవు నాలుగంగుళాలు, వెడల్పు రెండున్నర. పాత బిల్లు పుస్తకాల కాగితాలను ఒక్కోదాన్ని ఆరు ముక్కలుగా కోసి తయారుచేసుకునేవాణ్ణి. ఒక్కో ముక్క మీద మూడు వరసలు రాసేవాణ్ణి. గుడ్డ డిజైను పేరు, అది ఉన్న చోటు, అక్కడి అర నంబరు. కువైట్‌లో సాల్మియాలో ఒక గుడ్డల దుకాణంలో పందొమ్మిదేళ్ళు స్టోరు చూశాను. రోజుకు సగటున ఇరవై రెండు చీటీలు రాశాననుకుంటే మొత్తం లక్షా ముప్పై వేలకు కొంచెం తక్కువ. అందులో ఒకటి ఒక పాటలవాళ్ళ గుంపుకు పేరైంది. మిగతావి చెత్తలోకి పోయాయి.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. లెక్కలు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. పశ్చిమ గోదావరిలో ఒక బట్టల కొట్టులో గుడ్డ తాను చూసి ఎన్ని గజాలుందో చెప్పేవాణ్ణి, కొలిస్తే పావు గజం తేడాలో ఉండేది. సద్దాం యుద్ధం ముగిసిన మూడో ఏడు కువైట్ వచ్చాను. ఇక్కడ కూడా పాతకాలం వాళ్ళు గుడ్డను మనలాగే వారల్లో, అంటే గజాల్లో, అడుగుతారు. అందుకని పని కొత్తగా అనిపించలేదు.

దుకాణం పైన, స్టోరు కింద బేస్‌మెంటులో. దిగడానికి పదిహేడు మెట్లు. నేను వచ్చేటప్పటికి తానులు ఎవరికి తోచినట్టు వాళ్ళు పడేసి ఉండేవి. నేనే ఇరవై ఎనిమిది అరలు చేయించి నంబర్లు వేశాను, ఒక వైపు పద్నాలుగు, ఇంకో వైపు పద్నాలుగు. కౌంటరులో మలయాళీలు, బెంగాలీలు, ఈజిప్టు వాళ్ళు ఉండేవారు కాబట్టి చీటీ ఇంగ్లీషులో రాయాలి. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆ చీటీల మీదే వచ్చింది. మూటల మీద రాసే వెడల్పు మొన మార్కరుతో రాసేవాణ్ణి. దాంతో రాస్తే అక్షరం ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా, నీళ్ళలో నానినట్టు వస్తుంది.

పద్నాలుగో అర ఎడమ వైపు అన్నింటికంటే చివరిది. అమ్ముడుపోని తానులు అందులోకి వెళ్ళేవి. దాని వెనక గోడకూ అరకూ మధ్య ఏడడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. అందులో ఒక పరుపు ఉండేది. అది మా కటింగ్ మాస్టరుది.

మాస్టరుది రాయచోటి వైపు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఆయన భార్య అప్పటికే నాలుగేళ్ళుగా ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి యజమానురాలిని, అంటే మామాను, బతిమాలి, అదే ఇంటికి డ్రైవరు అని రాయించి భర్తకు వీసా తెప్పించింది. వాళ్ళకు నిజంగా డ్రైవరు అవసరం లేదు. ఆ ఇంటాయన, అంటే వీసాకు పూచీ ఉన్న కఫీల్, బయట పనిచేసుకో, పట్టుబడితే మాత్రం నాకు సంబంధం లేదు అన్నాడు. అలా మాస్టరు మా దగ్గరికి వచ్చాడు. ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే కార్డు, మీద ఇంటి పని అని ఉంటుంది. చేసేది దుకాణంలో కత్తెర పని. ఇది నేరం. దొరికితే పంపించేస్తారు, పంపేటప్పుడు వేలిముద్రలు తీసుకుంటారు. ఒకసారి ముద్ర పడితే మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. భార్య ఇక్కడ, తను అక్కడ.

అందుకని ఆయన పగలు బేస్‌మెంటు దాటి పైకి వచ్చేవాడు కాదు. కౌంటరు కింద ఒక బెల్లు పెట్టుకున్నాం. ఒకసారి నొక్కితే గుడ్డ పైకి పంపు అని. రెండుసార్లు నొక్కితే ఎవరో కిందికి వస్తున్నారు, వెనక తలుపు నుంచి సందులోకి వెళ్ళు అని. నేను ఒకరోజు లెక్క కట్టి చూశాను. కత్తెర కింద పెట్టి, తలుపు గడియ తీసి, సందులోకి పోవడానికి ముప్పై ఎనిమిది సెకన్లు. మెట్ల మీద నుంచి కొత్త మనిషి దిగడానికి పదిహేను. కాబట్టి మెట్ల దగ్గర మనిషిని కనీసం ఇరవై మూడు సెకన్లు ఆపాలి. ఇది నాకూ మాస్టరుకూ మధ్య ఉన్న ఏర్పాటు. మేనేజరుకు తెలిసినా తెలియనట్టు ఉండేవాడు.

రెండు వేల పది దాటిన రోజుల్లో ఒక సాయంత్రం మా అర్బాబు మేనల్లుడు దుకాణానికి వచ్చాడు. అర్బాబంటే దుకాణం యజమాని. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. జుట్టు భుజాల దాకా ఉంది. హిందీ, అరబీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాడు. నన్ను సదీక్, అంటే నేస్తం, అని పిలిచేవాడు. సెల్ ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. అరవైల నాటి గ్రామఫోను రికార్డు అట్ట. దాని మీద నలుగురు తెల్లవాళ్ళు పూల చొక్కాలతో నిలబడి ఉన్నారు.

"సదీక్, ఇలాంటి గుడ్డ కావాలి. కొత్తది వద్దు. పాతదే కావాలి."

అది మన మామిడి పిందె డిజైను. మన చీరల అంచుల మీద, పలంపోరు దుప్పట్ల మీద చిన్నప్పటి నుంచి చూసిందే. ఇంగ్లీషులో పైస్లీ అంటారు. పద్నాలుగో అరలో ఆరేళ్ళుగా ఒక తాను పడి ఉంది. ముదురు ఎరుపు మీద నారింజ, ఆకుపచ్చ పిందెలు. పదహారు వారలు మిగిలి ఉంది. అతన్ని కిందికి తీసుకెళ్ళాను. రెండుసార్లు బెల్లు నొక్కే వెళ్ళాను.

తానును చూసి అతను నవ్వాడు. తర్వాత గుడ్డ సంగతి మరిచిపోయి బేస్‌మెంటు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. నాలుగు మూలల్లో నాలుగుసార్లు కొట్టాడు.

"ఇక్కడ శబ్దం తిరిగి రావడం లేదు" అన్నాడు.

"గుడ్డ మింగేస్తుంది" అన్నాను.

"శుక్రవారం దుకాణం ఎప్పుడు తీస్తారు?"

"నాలుగున్నరకు."

"మా మామను అడుగుతాను. ఖలాస్."

అలా మొదలైంది. శుక్రవారం నమాజు అయ్యాక ఒంటిగంటన్నర నుంచి నాలుగింటి వరకు వాళ్ళు ఐదుగురు గిటార్లు, డ్రమ్ములు తెచ్చుకుని కింద వాయించుకునేవారు. అర్బాబు ఒప్పుకున్నాక కాదనడానికి ఎవరున్నారు? తాళాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి నేను ఉండాలి. మాస్టరు ఉండేది అక్కడే కాబట్టి ఆయన ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. దుకాణం సొంతవాళ్ళే కాబట్టి వాళ్ళ ముందు దాక్కోవలసిన పని కూడా లేదనుకున్నాం. ఎవరీయన అని అడిగితే దర్జీ అని చెప్పాను. వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

చొక్కాలు మాస్టరే కోశాడు. మామూలు గుడ్డ అయితే పొడుగు చేతుల చొక్కాకు రెండున్నర వారలు చాలు. ఈ డిజైనులో పిందెలన్నీ ఒకే వైపు చూస్తాయి. ముక్కను తిప్పి కోస్తే కొన్ని పిందెలు తలకిందులవుతాయి. అందుకని ఒక్కో చొక్కాకు పావు వార అదనంగా పడుతుంది. ఐదు చొక్కాలకు పదమూడు ముప్పావు. రెండుంబావు వారలు మిగులుతాయని ముందే చెప్పాను. అంతే మిగిలింది. గుండీల దగ్గర కుడి సగం, ఎడమ సగం కలిసినప్పుడు సగం పిందె ఇటు, సగం పిందె అటు ఉండి మధ్యలో ఒక్కటే పిందెలా కనబడాలని మాస్టరు పంతం. మేనేజరు, వీళ్ళకు అంత అక్కర్లేదు, త్వరగా కానీ అంటే మాస్టరు వినలేదు.

"ఆ పిల్లోల్లకు తెల్చాదో లేదో నాకెందుకన్నా. నాకు తెల్చాది గదా" అన్నాడు నాతో.

మిగిలిన రెండుంబావు వారల్లో భార్యకు ఒక జాకెట్టు, లంగాకు అంచు కుట్టాడు. ఆమెకు రెండు వారాలకోసారి శుక్రవారం సెలవు. ఒంటిగంటకు బస్సెక్కి వచ్చి ఆరింటికల్లా ఇల్లు చేరాలి. పోనురాను తీసేస్తే వాళ్ళిద్దరికీ దొరికేది మూడుంబావు గంటలు. ముందు ఆ సమయంలో సముద్రం ఒడ్డున కూర్చునేవారు. ఎండాకాలం అది కుదరదు. ఎవరైనా కాగితాలు అడుగుతారేమో అని భయం కూడా ఉండేది. బేస్‌మెంటులో ఏసీ ఉంది. పాటలు మొదలయ్యాక ఆమె కూడా అక్కడికే రావడం మొదలుపెట్టింది. తానుల మీద కూర్చుని, భర్త కుట్టిన వాటికి గుండీలు వేస్తూ వినేది.

ఆ పాటల గురించి నాకు పెద్దగా చెప్పడం చేతకాదు. మొదటి రోజు వాయించింది పదకొండు నిమిషాల నలభై సెకన్లు. గడియారం చూశాను. అందులో మాటలున్నది రెండు నిమిషాలే. గిటారు మీద ఒక దెబ్బ కొడితే అది నాలుగైదుసార్లు తిరిగి వచ్చేది, వచ్చిన ప్రతిసారీ కాస్త చిన్నదై. కాలి కింద ఒక పెట్టె పెట్టుకుని దాన్ని తొక్కితే అలా వస్తుందట. గది మింగేస్తున్న ప్రతిధ్వనిని పెట్టెతో మళ్ళీ తెచ్చుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. అరవైల్లో వాళ్ళ తాతలనాటి కుర్రాళ్ళు వాయించిన తీరట అది. వీళ్ళు దాన్నే మళ్ళీ పట్టుకున్నారు.

"మా ఊర్లో పెండ్లిలో మైకు సెట్టు చెడిపోతే ఇట్లనే వచ్చాది" అంది మాస్టరు భార్య.

"మెల్లగ మాట్లాడు. ఆ జుట్టోడు అర్బాబు మేనల్లుడు" అన్నాడు మాస్టరు.

"వాని మాట నాకు రాదు, నా మాట వానికి రాదు. ఏమన్నా అంటా" అని, దారం పంటితో కొరికి, "ఆ డప్పు కొట్టే పిల్లోడు మాత్రం బాగ కొడతాండాడు" అంది.

చొక్కాలు అందిన రోజు జుట్టబ్బాయి తన చొక్కా జేబులో నుంచి చీటీ తీశాడు. ప్రతి ఆర్డరుకూ ఒక చీటీ గుచ్చుతాం, ఇస్త్రీ చేసేవాడు తీసేయాలి, ఆ ఒక్కటీ తీయలేదు. దాని మీద నా మూడు వరసలు ఉన్నాయి. పైస్లీ. బేస్‌మెంట్. పద్నాలుగు. అతను దాన్ని వెలుగులో పట్టుకుని చదివాడు. మిగతావాళ్ళకు చూపించాడు. అరవైల నాటి పాటల పోస్టర్ల మీద అక్షరాలు సరిగ్గా ఇలాగే ఉబ్బి ఉంటాయట. ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

అప్పటివరకు వాళ్ళకు పేరు లేదు. ఆ రోజు నుంచి అదే పేరు. తర్వాత అలాంటి పాటలే వాయించే ఇంకో రెండు గుంపులు వచ్చి చేరాయి. ఒకదానిలో గోవా అబ్బాయిలు, ఇంకోదానిలో ఒక లెబనాను అమ్మాయి. వీళ్ళందర్నీ కలిపి పైస్లీ బేస్‌మెంట్ వాళ్ళు అనేవారు. వినడానికి వచ్చేవాళ్ళు మొదట ఆరుగురు, తర్వాత ఇరవై, ఒకసారి నలభై మూడు. వాళ్ళ చెప్పులు మెట్ల మీద లెక్కపెట్టాను. పద్నాలుగు అంటే ఏమిటని ఒకరినొకరు అడుక్కునేవారు. మొదటి పాటలో పద్నాలుగు భాగాలున్నాయని ఒకడు, వాళ్ళు మొదట కలిసింది పద్నాలుగో తేదీ అని ఒకడు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

చాలా తర్వాత తెలిసింది, అమెరికాలో కాలిఫోర్నియా వైపు ఎనభైల్లో ఇలాగే అరవైల పాటలను మళ్ళీ పట్టుకున్న గుంపులకు ఇలాంటి పేరే ఉండేదట. అక్కడ కూడా ఒకతను మాటల్లో ఏదో అంటే అదే అందరికీ పేరై నిలిచిపోయిందట. ఆ సంగతి మావాళ్ళకు అప్పుడు తెలుసో తెలియదో నాకు తెలియదు.

ఎనిమిది నెలలు గడిచాక అందరూ కలిసి ఒక శుక్రవారం పెద్దగా వాయించాలనుకున్నారు. పోస్టరు వేశారు. పోస్టరు అంటే ఇంకేమీ కాదు, నా చీటీనే మూడడుగుల ఎత్తుకు పెంచి ఎర్ర సిరాలో అచ్చు వేశారు. కింద తేదీ, సమయం. అరవై కాపీలు. ఒకటి నాకు ఇచ్చారు. దుకాణానికి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు అద్దానికి ఒకటి అంటించారు. రోజూ ఉదయం దుకాణం తీసేటప్పుడు నా రాత అంత పెద్దదిగా కనిపించేది. నా చేతిరాత అచ్చులో చూడడం జీవితంలో అదే మొదటిసారి.

మూడో రోజున చూశాను. చీటీలు పాత బిల్లు పుస్తకాల కాగితాలతో చేసేవాణ్ణని చెప్పాను కదా. ఒక్కో కాగితం ఆరు ముక్కల్లో కింది రెండింటి అడుగున దుకాణం చిరునామా అచ్చై ఉంటుంది. ఇది ఆ కింది ముక్కల్లో ఒకటి. అక్షరాల కింద, అంచు దగ్గర, దుకాణం పేరులో సగం, బ్లాకు నంబరు, వీధి నంబరు. చీటీ మీద అవి ఆవగింజంత. పోస్టరు మీద అంగుళానికి దగ్గర.

వాళ్ళు ఎక్కడ వాయిస్తారో తెలిసినవాళ్ళకు చెప్పుకునేవారు, అంతే. చిరునామా ఎక్కడా వేసేవారు కాదు. గుడ్డల గోదాములో జనం గుమిగూడడం మంచిది కాదని వాళ్ళకూ తెలుసు. ఆ కింది వరస వాళ్ళు చూసుకోలేదు. నేను చూశాను.

మాస్టరు అదే రోజు అడిగాడు. నాకిచ్చిన పోస్టరు స్టోరు గోడకు అంటించుకున్నాను. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"అన్నా, కింద చిన్నగ ఏందో రాసుండారే. అదేంది?"

"ఏం లేదు మాస్టరూ. డిజైను వివరం" అన్నాను.

"నీదే గదా రాత. బాగుండాది" అని కత్తెర పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకలా అన్నానని చాలాసార్లు ఆలోచించాను. లెక్క వేసుకునే అన్నాను. అరవై కాపీలు. తొమ్మిది చోట్ల అంటించారు. ఆగి చదివేవాళ్ళు ఇంతమంది, అడుగు వరస దాకా చదివేవాళ్ళు ఇంతమంది, చదివి కూడా దాన్ని పట్టించుకునేవాళ్ళు ఇంతమంది. చివరికి వచ్చిన అంకె ఒకటి కంటే తక్కువ. అరవై కాపీల అడుగున కత్తిరించమని ఆ అబ్బాయికి చెబితే అరగంట పని. చెబితే మొత్తం చింపేసి వేరే అక్షరాలతో వేస్తారేమో అని కూడా అనుకున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ పెద్ద శుక్రవారం ఏమీ జరగలేదు. డెబ్భై ఒక్క మంది వచ్చారు. మాస్టరు భార్య సెలవు కూడా ఆ రోజే పడింది. ఎర్ర జాకెట్టు వేసుకుని వచ్చి, నిలబడడానికి చోటు లేక పద్నాలుగో అర వెనక పరుపు మీద కూర్చుంది. ఒక ఇంగ్లీషు పేపర్లో చిన్న వార్త కూడా వచ్చింది, ఫోటోతో.

తొమ్మిది రోజుల తర్వాత, ఆదివారం పొద్దున పదకొండింటికి ఇద్దరు మనుషులు దుకాణానికి వచ్చారు. ఒకతని చేతిలో మడత పెట్టిన ఎర్ర పోస్టరు ఉంది. కౌంటరు మీద పరిచాడు. గోదాములో అనుమతి లేకుండా జనాన్ని పోగేశారని తనిఖీకి వచ్చామన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. పోస్టరు మీద వేలు పెట్టి అడిగాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేను."

"ఏమిటిది?"

నా మోకాలికి జానెడు దూరంలో బెల్లు ఉంది. మనిషిని ఇరవై మూడు సెకన్లు ఆపితే చాలు. అతను రెండు నిమిషాలకు పైగా నా ముందే నిలబడ్డాడు. ఆ రెండు నిమిషాలూ నేను అతనికి చీటీ పద్ధతి వివరించాను. మొదటి వరస డిజైను. రెండోది చోటు, పైనో కిందో. మూడోది అర. ఒకటి నుంచి పద్నాలుగు ఎడమ, పదిహేను నుంచి ఇరవై ఎనిమిది కుడి. ఇంతకుముందు ఒక తాను వెతకడానికి పావుగంట పట్టేది, ఇప్పుడు నిమిషం లోపే. నా పద్ధతి గురించి అంతవరకు నన్నెవరూ అడగలేదు. అతను శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు.

"అయితే పద్నాలుగు చూపించు" అన్నాడు.

అప్పుడు బెల్లు గుర్తొచ్చింది. అప్పటికే అతను మెట్ల మీద ఉన్నాడు. బెల్లు రెండుసార్లు నొక్కాను. పదిహేను సెకన్లు.

మాస్టరు గడియ తీస్తూ దొరికాడు. చేతికి టేపు చుట్టుకునే ఉంది. బల్ల మీద సుద్ద గీసిన ముక్క ఉంది. పద్నాలుగో అర వెనక పరుపు, దాని మీద దుప్పటి, మేకుకు ఎర్ర జాకెట్టు. ఆమె ఆ పెద్ద శుక్రవారం ఉక్కగా ఉందని దాన్ని మార్చుకుని అక్కడే వదిలి వెళ్ళింది. ఇఖామా అడిగారు. ఇచ్చాడు. చదివారు. మాస్టరు నా వైపు చూశాడు. బెల్లు ముందే నొక్కడానికి నాకు వీలు దొరకలేదనుకుని ఉంటాడు.

"యల్లా" అని, పదమన్నట్టు మెట్ల వైపు చెయ్యి చూపించాడు రెండోవాడు.

"కత్తెర బల్లమీద ఉండాది, ఎవరన్నా పిల్లోల్లు వస్తే సూడన్నా" అన్నాడు మాస్టరు. అంతే అన్నాడు.

కఫీల్ ఆ సాయంత్రమే, తన ఇంటి డ్రైవరు నెలల కిందటే పారిపోయాడని రాసిచ్చాడు. లేకపోతే ఆయన మీదికి వచ్చేది. పదహారు రోజుల తర్వాత మాస్టరును విమానం ఎక్కించారు. దుకాణానికి జరిమానా పడింది. మేనేజరు బేస్‌మెంటుకు కొత్త తాళం వేయించాడు. ఆ పిల్లలు వేరే ఎక్కడో వాయించుకున్నారు, పేరు మాత్రం అదే ఉంచుకున్నారు. జుట్టబ్బాయి ఒకసారి వచ్చి దర్జీ ఏడీ అని అడిగాడు. మేనేజరు, సెలవు మీద ఊరెళ్ళాడు అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

మాస్టరు భార్య ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పాసుపోర్టు మామా దగ్గర ఉంది, చేసుకున్న ఒప్పందం ఉంది, వాళ్ళు పొమ్మనలేదు, ఆమె పోతాననలేదు. నాలుగేళ్ళ రెండు నెలలు. రెండు వారాలకు ఒకటి చొప్పున నూట ఎనిమిది శుక్రవారాలు. వాటిలో నేను ముబారక్ అల్ కబీర్ వెళ్ళినవి ముప్పై ఒకటి. గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఊరి నుంచి మాస్టరు ఎవరి చేతనైనా పంపిన పచ్చడో, కారం పొడో ఇచ్చి వచ్చేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ జాకెట్టు ఇచ్చాను. ఆమె మడత విప్పి గుండీల దగ్గర చూసుకుంది.

"వాళ్ళకెట్ల తెలిసిందన్నా?" అంది.

"ఎవరో చెప్పి ఉంటారు చెల్లెమ్మా" అన్నాను.

"వాని నోట్లో మన్ను పడ" అంది. ఆ తర్వాత ముప్పైసార్లు కలిసినా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

దుకాణం తర్వాత మూతపడింది. నేను షుఐబాలో ఒక కంపెనీ స్టోరులో చేరాను. ఇక్కడ గుడ్డ లేదు, పైపులు, బోల్టులు. చీటీలు కంప్యూటరే కొడుతుంది. ఆమె ఊరెళ్ళిపోయింది. మాస్టరు రాయచోటిలో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పండుగలకు ఫోను చేసుకుంటాం. మాస్టరు పది నిమిషాలు మాట్లాడతాడు, చివర్లో ఆమె ఫోను తీసుకుని ఓ రెండు నిమిషాలు. తినినావా, బీపీ మాత్రలు వేసుకుంటాండావా, ఇంకా ఎన్నాళ్ళుంటావు ఆ ఎండలో, అంటుంది.

మాస్టరు వెళ్ళిన ఆరేళ్ళకు, మొన్నటి ఎండాకాలంలో, జుట్టబ్బాయి నా నంబరు వెతుక్కుని ఫోను చేశాడు. ఇప్పుడు జుట్టు లేదు. బ్యాంకులో ఉద్యోగం. విదేశంలో ఎవరో వాళ్ళ పాటల గురించి రాస్తున్నారట, పేరు ఎలా వచ్చిందని అడిగారట. "కాలిఫోర్నియా వాళ్ళను చూసి పెట్టుకున్నామని మావాడొకడు చెప్పాడు. అది కాదు కదా సదీక్? నీ చీటీయే కదా?"

నా చీటీయే అన్నాను. వివరంగా చెప్పాను. తర్వాత, ఆ చీటీ కింది వరస చూశావా అని అడిగాను. లేదన్నాడు. అదీ చెప్పాను. తనిఖీ సంగతి, మాస్టరు సంగతి చెప్పాను.

"అతను సెలవు మీద వెళ్ళాడన్నారు" అన్నాడు.

"అన్నారు."

"అతను అక్కడే పడుకునేవాడని నాకు తెలియదు. పరుపు చూశాను. ఎవరైనా మధ్యాహ్నం నడుం వాల్చడానికి అనుకున్నాను."

రెండు నెలలకు ఆ వ్యాసం లంకె పంపించాడు. చొక్కాలతో ఐదుగురి ఫోటో, పోస్టరు ఫోటో ఉన్నాయి. ఇంగ్లీషు నిదానంగా చదువుకున్నాను. పేరు ఒక గుడ్డల దుకాణం చీటీ నుంచి వచ్చిందని రెండు వాక్యాలు. మొత్తం ముప్పై నాలుగు మాటలు. తప్పేమీ లేదు. మాస్టరు అందులో లేడు. పోస్టరు అడుగు వరసను ఫోటోలో కోసేశారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మాస్టరుకు ఫోను చేశాను. వ్యాసం గురించి చెప్పి తెలుగులో చదివి వినిపించాను. ఆయన నవ్వాడు. మనోళ్ళు పేపర్లో పడినారా అన్నాడు. పక్కన కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది, ఆమె కుడుతోందన్నమాట. ఫోను స్పీకరులో పెట్టినట్టున్నాడు.

"మాస్టరూ, ఆ పోస్టరు మీద కింద ఏం రాసుందని అడిగావు, గుర్తుందా?"

"ఉండాది. డిజైను అంటివి."

"డిజైను కాదు. దుకాణం చిరునామా. నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు. వాళ్ళు వచ్చిన రోజు బెల్లు నొక్కడానికి రెండు నిమిషాలు వీలుంది. వాళ్ళు మెట్లు దిగేదాకా నేనే నొక్కలేదు."

మిషను ఆగింది.

"ఔనా" అన్నాడు మాస్టరు. గడియారం చూసుకున్నాను, అలవాటు. ఇరవై సెకన్లకు పైగా ఇద్దరం మాట్లాడలేదు. "ఇప్పుడు చెప్తే ఏమొచ్చాదన్నా. అయిపాయె."

"చెప్పాలనిపించింది."

"సరే. ఫోటోలో చొక్కాలు కనపడతాండాయా?" అన్నాడు.

"కనబడుతున్నాయి."

"పిందెలు యాపక్క చూస్తాండాయి?"

ఫోను చెవి నుంచి తీసి ఫోటో పెద్దది చేసి చూశాను. "పైకి. ఐదింటిలోనూ పైకే. గుండీల దగ్గర కూడా కలిశాయి."

"కలుస్తాయి" అన్నాడు. "ఉంటా అన్నా. గిరాకీ వచ్చినాడు."

మొత్తం ఏడు నిమిషాల పది సెకన్లు. ఆమె ఫోను తీసుకోలేదు. దసరాకు చేశాను, దీపావళికి చేశాను. మాస్టరు మాట్లాడాడు, బాగానే మాట్లాడాడు. వెనక మిషను నడుస్తూనే ఉంది.